కాలవ గట్టున ఉండి టిన్ను నీళ్లు: మా ఊరి వాటర్ ప్లాంటు రివ్యూ

మా ఊరి వాటర్ ప్లాంటులో ఎనిమిదేళ్లుగా నీళ్లు కొంటున్నాం. మామూలు రోజుల్లో రోజుకో టిన్ను, ఎండాకాలం రెండ్రోజులకి మూడు, పండక్కి ఆడపడుచులు పిల్లల్తో దిగితే ఇంక లెక్కే ఉండదు. ఈమధ్య ఊళ్లో కొత్తగా ఇళ్లు కట్టుకున్నవాళ్లు "ఆ నీళ్లు ఎలా ఉంటాయండీ, పిల్లలకి పట్టొచ్చా" అని కనబడినప్పుడల్లా అడుగుతున్నారు, ఒక్కొక్కరికీ సగం సగం చెప్పేకంటే మొత్తం ఒకచోట రాసేద్దాం అనిపించింది. ప్లాంటు పేరు రాయట్లేదు. మాది భీమవరం దాటాక ఉండి మీదుగా లోపలికొచ్చే ఊళ్లలో ఒకటి, ఇటువైపు ప్రతి ఊళ్లోనూ ఇలాంటి ప్లాంటు ఒకటి ఉంది కాబట్టి ఎవరు చదివినా వాళ్ల ఊరి సంగతే అనుకోవచ్చు.

ముందు నీళ్ల గురించి. రుచి బానే ఉంటుంది, కొంచెం చప్పగా ఉంటుంది కానీ అలవాటైపోతుంది. మా అబ్బాయి ఇంటర్లో ఉండగా ఆన్‌లైన్‌లో ఒక టీడీఎస్ మీటరు తెప్పించాడు, పెన్నులాగా ఉంటుంది, నీళ్లలో ముంచితే లీటరుకి ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగున్నాయో అంకె చూపిస్తుంది. ప్లాంటు టిన్నులో 55 వచ్చింది. మా పెరట్లో చేతిపంపు నీళ్లలో పెడితే 2,300 దాటింది, వాడు మీటరు పాడైందేమో అనుకుని గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టాడు, మళ్లీ అదే. తాగే నీళ్లకి మన దేశంలో పెట్టుకున్న ప్రమాణం ప్రకారం 500 లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 2,000 వరకు సర్దుకోవచ్చు అంటారు, మా పెరటి నీళ్లు ఆ సర్దుబాటు కూడా దాటిపోయాయి. ఆ నీళ్లతో పప్పు ఉడకదు, స్టీలు గిన్నె కడిగి బోర్లిస్తే తెల్లగా పొర కడుతుంది, తలస్నానం చేస్తే జుట్టు పీచులా అయిపోతుంది. కాబట్టి ప్లాంటు నీళ్లు పట్టొచ్చా అంటే పట్టొచ్చు, మేం పడుతున్నాం.

రేటు ప్లాంటుకెళ్లి పట్టుకుంటే 10, ఆటోలో ఇంటికి తెచ్చేస్తే 20. టైముకి తెస్తారు, వానాకాలం రోడ్డు మునిగినా ఆ కుర్రాడు టిన్ను భుజాన పెట్టుకుని మోకాల్లోతు నీళ్లలో నడిచి తెచ్చిన రోజులున్నాయి. "వదినా, ఖాళీ టిన్ను అందియ్యండి" అని గుమ్మం దగ్గర కేకేస్తాడు, చిల్లర లేదంటే రేపిద్దురులెండి అంటాడు. అతని పనికి ఎక్కడా వంక పెట్టలేను.

వంక పెట్టాల్సింది టిన్నులకి. మూడేళ్ల కిందట ఒకరోజు ఖాళీ టిన్ను వెలుతురుకి ఎత్తి చూశాను, అడుగున మూలల్లో పచ్చగా పాకుడు, వేలు పెడితే జారుతోంది. పైన నీళ్లు అన్ని ఫిల్టర్లలోంచి దిగి వస్తాయి, దిగేది మాత్రం ఆ పాకుడు మీదకే. అడిగితే "పైపుతో కొట్టి కడుగుతున్నామండీ" అన్నారు, పైపుతో కొడితే పాకుడు పోదు, బ్రష్షు వేసి రుద్దాలి. నేనూ, మా వీధిలో ఇంకో నలుగురం వెళ్లి గట్టిగా చెప్పాక ఆదివారం ఆదివారం క్లోరిన్ నీళ్లు పోసి బ్రష్షుతో కడుగుతున్నారు, కానీ పండగ సీజన్లో రద్దీ ఎక్కువైతే మానేస్తున్నారు, నాకు తెలుసు. యంత్రంలో ఉప్పు వడగట్టే పొర ఉంటుంది, మెంబ్రేను అంటారు, అది ఎప్పుడు మార్చారో రాసిన కార్డు గోడకి తగిలించమన్నాను, ఇంతవరకు తగిలించలేదు. మీరు కొనేటట్లయితే రెండు టిన్నులు సొంతంగా కొనుక్కోండి, వాటిమీద పేరు రాయించుకోండి, మీరే కడుక్కోండి.

ఇంకో విషయం చాలామంది గమనించరు. ఒకసారి ప్లాంటు వెనక్కి వెళ్లాను, అక్కడ ఒక పీవీసీ గొట్టం గోడలోంచి బయటకొచ్చి పక్కనున్న పంట బోదెలోకి, అంటే చేలకి నీళ్లు పారే చిన్న కాలవలోకి, ఆగకుండా కారుతోంది. ఏంటని అడిగితే ఆపరేటరు చెప్పాడు, వెయ్యి లీటర్లు బోరులోంచి లాగితే నాలుగొందలు మనకి మంచినీళ్లు వస్తాయి, మిగతా ఆరొందలు ఇలా పోతాయి అని. మనకి తీసేసిన ఉప్పంతా ఆ ఆరొందల్లోకి చేరి బోదెలోకి, బోదెలోంచి ఎవరి చేలోకో పోతోంది. ఇలా ఉప్పు వడగట్టే యంత్రాల్ని ఆర్వో అంటారు, అవి నీళ్లు వృథా చేస్తున్నాయనే 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ 500 లోపు టీడీఎస్ ఉన్నచోట ఆర్వోలు ఆపమని చెప్పింది. మా ఊళ్లో బోరు నీళ్లు దానికి ఎన్నో రెట్లు ఉన్నాయి కాబట్టి ప్లాంటు తప్పనిసరి, ఆ గొట్టమూ తప్పనిసరి. గొట్టం చూసి ఇంటికొచ్చాక ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్రపట్టలేదు, ఎందుకంటే మా ఇంటికి నూట యాభై అడుగుల దూరంలో గోదావరి కాలవ పోతోంది.

మా అత్తయ్య కాపురానికొచ్చిన కొత్తలో ఆ కాలవ నీళ్లే తాగేవాళ్లు. పొద్దున్నే రేవులోకి దిగి రెండు బిందెలు తెచ్చుకోవడం, జులైలో కొత్తనీరు ఎర్రగా వచ్చినప్పుడు చిల్లగింజ అరగదీసి ఆ గంధం కుండలో కలిపితే తెల్లారేసరికి మట్టి అడుక్కి దిగిపోయి పైన నీళ్లు అద్దంలా తేరుకునేవట. ఏప్రిల్‌లో కాలవలు కట్టేసేలోపు మంచినీళ్ల చెరువు నింపుకుంటే జూన్‌లో మళ్లీ వదిలేదాకా ఊరంతటికీ సరిపోయేది. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తి చేసినప్పట్నుంచీ, తర్వాత 1982లో కొత్త బ్యారేజీ వచ్చాక కూడా, ఈ డెల్టాలో పది లక్షల ఎకరాలకి తడి పెట్టిన నీళ్లు ఇవి. ఈరోజు మా పెరటికి ఇంత దగ్గరున్న ఆ నీళ్లలో ఎవరూ కాళ్లు కూడా కడుక్కోవట్లేదు.

ఎందుకంటే చేపల చెరువులు, రొయ్యల చెరువులు. ఇందులో నేను దాచేదేం లేదు, మాదీ రెండెకరాల చెరువు ఉంది. మా మామయ్య పోయాక వరి కౌలుకిస్తే వచ్చేది చూసుకుని, చెరువుకిస్తే దానికి రెండింతలకి పైన వస్తుందని లీజుకిచ్చేశాం. మొదట చేపలు వేశారు, 2009లో వనామీ అనే రొయ్య రకానికి దేశంలో అనుమతి వచ్చాక చుట్టుపక్కల అందరూ మెల్లగా రొయ్యల్లోకి మారినట్టే మా చెరువు కూడా మారింది. వనామీకి కొంచెం ఉప్పు కావాలి, సముద్రం నుంచి ఇంత లోపలికి ఉప్పునీళ్లు రావు కాబట్టి లోతుగా బోరు దింపి కింద ఉన్న ఉప్పునీళ్లు పైకి తోడతారు. ఆ నీళ్లు చెరువులో నిలబడితే గట్టు కిందనుంచి ఊటలా పక్క చేలోకి దిగుతాయి, రొయ్యల పట్టుబడి అయ్యాక చెరువు ఎండగట్టడానికి మొత్తం వదిలేస్తే మురుగు కాలవ దూరంగా ఉన్నచోట పంట బోదెలోకే వెళ్తాయి, బోదెలోంచి కింద ఊరి మంచినీళ్ల చెరువుకి. మా పక్క చేను వాళ్లకి గట్టు వెంట పదిగజాల మేర చౌడు తేలింది, నారు వేస్తే చివర్లు ఎర్రబడి కూర్చుంటుంది. ఆయన నాకు వరసకి బావగారు, ఇంతవరకు ఒక్కమాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ.

ఇక్కడ్నుంచి రివ్యూ ప్లాంటు దాటి వెళ్తుంది, కానీ ఇది చెప్పకుండా ఆ టిన్ను గురించి రాయడం నావల్ల కాదు.

నాలుగేళ్ల కిందట గ్రామసభలో లేచి అడిగాను, మంచినీళ్ల చెరువు చుట్టూ ఇంత దూరం వరకు రొయ్యల చెరువులు ఉండకూడదని తీర్మానం చేద్దామండీ అని. చప్పట్లు కొట్టారు, తీర్మానం రాశారు. తర్వాత నేనూ, డ్వాక్రా గ్రూపులో ఇద్దరం కలిసి ఆ కాగితం పట్టుకుని తిరిగాం. కాలవ చూసే ఆఫీసులో అన్నారు, "కాలవలోకి నీళ్లు వదలడం మా పనమ్మా, తాగే నీళ్లు మా పరిధి కాదు". తాగే నీళ్లు చూసే ఆఫీసులో "ట్యాంకూ పైపులూ మావి, చెరువులకి పర్మిషన్ మేం ఇవ్వం". చెరువులకి పర్మిషన్ చూసే ఆఫీసులో "అది పాత చెరువండీ, రికార్డులో ఎప్పుడో ఎక్కింది, రూల్సన్నీ కొత్తవాటికి". భూమి రికార్డుల ఆఫీసులో పొలం ఇంకా వరి అనే రాసుంది. కరెంటు వాళ్లకి మీటరు తిరుగుతోందా లేదా అన్నదే ముఖ్యం. ఒక్కరు కూడా మమ్మల్ని కసురుకోలేదు, కుర్చీ వేసి మంచినీళ్లిచ్చారు, అవీ టిన్ను నీళ్లే. ఎవరి ఫైలు ప్రకారం వాళ్లు చెప్పింది కరెక్టే. కాలవలోంచి బోదె, బోదెలోంచి చెరువు, చెరువులోంచి మా చేతిపంపు దాకా నడిచే ఆ నీటిబొట్టుకి మాత్రం సొంత ఫైలు లేదు.

సుస్థిర అభివృద్ధి అనే మాట ప్రభుత్వ కాగితాల్లో లేక కాదు. 1987లో ఐక్యరాజ్యసమితి వేసిన బ్రంట్లాండ్ కమిషన్ రాసింది, ఇప్పటివాళ్ల అవసరాలు తీరాలి, రాబోయేవాళ్లు తమ అవసరాలు తీర్చుకునే వీలు చెడకూడదు అని. మన సుప్రీంకోర్టు 1996 ఆగస్టులో వెల్లూరు తోళ్ల ఫ్యాక్టరీల కేసులో కలుషితం చేసినవాళ్లే ఖర్చు భరించాలన్నది మన చట్టంలో భాగమే అంది. అదే ఏడాది డిసెంబరులో రొయ్యల చెరువుల మీదే తీర్పు ఇచ్చింది, తీరప్రాంత నియంత్రణ జోన్‌లో సంప్రదాయ పద్ధతి కాని చెరువులు తీసెయ్యమంది. తర్వాత 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి తీరంలో చెరువులకి రిజిస్ట్రేషన్ దారి ఏర్పాటు చేసింది, 2023 సవరణలో ఇంకా స్పష్టంగా అనుమతించింది. మన రాష్ట్రంలో 2002 నుంచి నీరు, భూమి, చెట్లు కాపాడటానికి వాల్టా చట్టం ఉంది, 2020లో ఆక్వాకి వేరే అథారిటీ కూడా పెట్టారు. 2015లో ఐక్యరాజ్యసమితిలో 2030కల్లా సాధిస్తామని ఒప్పుకున్న 17 లక్ష్యాల్లో ఆరోది మంచినీళ్లే. 73వ రాజ్యాంగ సవరణలో పంచాయతీలకి ఇవ్వొచ్చని రాసిన 29 విషయాల్లో తాగునీరూ ఉంది, చేపల పెంపకమూ ఉంది. కాగితం మీద చూస్తే మా గ్రామసభ తీర్మానానికి ఢిల్లీ దాకా బలం ఉండాలి.

అది అమలు దాకా ఎందుకు రాదో మాకు పక్కనే ఉన్న కొల్లేరు చూస్తే అర్థమవుతుంది. 1999లో ఐదో కాంటూరు, అంటే నేల ఎత్తుని బట్టి సరస్సు చుట్టూ గీసిన గీత, దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు, 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది, 2006లో ఆపరేషన్ కొల్లేరు అని చెరువు గట్లు కొట్టేశారు, రెండేళ్లు దాటాక 2008లో మూడో కాంటూరుకి తగ్గించమని మన అసెంబ్లీలోనే తీర్మానం చేశారు. ఆ తీర్మానం చేసినవాళ్లని ఊరికే తిట్టలేను, అక్కడ జిరాయితీ, అంటే సొంత పట్టా, భూములున్న చిన్న చిన్న రైతులకి పరిహారం సంగతి ఏళ్లతరబడి తేలలేదు, గట్టు కొట్టిన మర్నాడు ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలో ఎవరూ చెప్పలేదు. సరస్సు బాగుపడితే లాభం అందరికీ తలా కాస్త, నష్టం మాత్రం ఫలానా ఇంటికి ఫలానా తారీఖున. ఓటు అడగడానికొచ్చే మనిషికి ఆ రెండోదే కనబడుతుంది. ఉప్పు మా చేతిపంపులోకి రావడానికి పదిహేనేళ్లు పట్టింది, సర్పంచి గారి పదవీకాలం ఐదేళ్లు.

డబ్బు లెక్క ఒకటి ఉంది, ఇది నాకు చాలా ఆలస్యంగా తట్టింది, మా అమ్మాయి డిగ్రీలో ఎకనామిక్స్ చదువుతూ వంటింట్లో కూర్చుని చెప్పింది. "అమ్మా, చెరువులో రొయ్య అమ్మితే రాష్ట్ర ఆదాయం పెరిగినట్టు. చెరువు వల్ల నీళ్లు చెడి నువ్వు టిన్ను కొంటే అదీ ఆదాయం పెరిగినట్టే. టిన్ను తెచ్చే ఆటో, ఆటోలో పోసే డీజిలూ అంతే. నాన్నమ్మ రేవులోంచి ఊరికే తెచ్చుకున్న బిందెడు నీళ్లు మాత్రం ఎందులోనూ లేవు." నేను పప్పు తిప్పుతూ ఆగిపోయాను. మంచినీళ్లు ఉన్నన్నాళ్లు సున్నా, పోయాక రోజుకి ఇరవై రూపాయల అభివృద్ధి. ప్రకృతి నష్టాన్ని కూడా లెక్కగట్టే పద్ధతి ఐక్యరాజ్యసమితి 2012లోనే ఒప్పుకుంది, మన కేంద్ర గణాంక శాఖ కూడా అలాంటి పుస్తకాలు వేస్తోంది, కానీ బడ్జెట్ చదివేటప్పుడు చెప్పే వృద్ధి రేటులోంచి మా చేతిపంపు ఎవరూ తీసెయ్యరు. లెక్కలో పడని నష్టానికి ఏ శాఖ డబ్బు అడుగుతుంది?

పైగా ఎప్పుడూ ఏదో ఒకటి తొందర పని వచ్చి పడుతుంది. 2025లో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఇక్కడ రొయ్యల కౌంటు రేట్లు, అంటే కిలోకి ఎన్ని తూగుతాయో దాన్నిబట్టి ఇచ్చే ధరలు, పడిపోయి రైతులు ఏడ్చారు, మేత అప్పులు, ఐసు ఫ్యాక్టరీలు, ప్రాసెసింగ్ ప్లాంటుల్లో రొయ్య తల వలిచే ఆడవాళ్లు, వాళ్లలో సగం మంది మా డ్వాక్రా వాళ్లే. ఆ వారంలో ఏ అధికారి దగ్గరకైనా వెళ్లి మురుగు నీళ్లు వేరుగా పోవాలండీ అని అడగడానికి నాకే నోరు రాలేదు. తొందర పని తీరాక అడుగుదాం అనుకుంటాం, అది తీరేలోపు ఇంకోటి.

ఇంటింటికీ కొళాయి కూడా వచ్చింది మాకు. 2019 ఆగస్టు 15న జల జీవన్ మిషన్ మొదలుపెట్టినప్పుడు మనిషికి రోజుకి 55 లీటర్లు అన్నారు, 2024 గడువు 2028కి జరిపారు. మా కొళాయి నీట్‌గా బిగించారు, రోజూ వస్తాయి, బట్టలకి గిన్నెలకి వాడతాం. వచ్చేది మాత్రం ఆ మంచినీళ్ల చెరువు నీళ్లే, ఎండాకాలం మీటరు పెడితే 1,100 చూపించింది. పైపుకి డబ్బు దొరికినంత తేలిగ్గా చెరువు కాపాడటానికి దొరకదు, పైపు వేస్తే ప్రారంభోత్సవం ఉంటుంది, ఒక రొయ్యల చెరువు తవ్వకుండా ఆపితే ఫొటో తీయడానికి ఏముంటుంది అక్కడ. శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీలు పోయి మనుషులు పోయాక గానీ పైనుంచి నది నీళ్లు పైపుల్లో రాలేదు, 2023 డిసెంబరు దాకా పట్టింది. మాకు అంతదాకా రాకూడదని నా భయం.

మేం చేసింది చిన్నది, చెప్తాను. పోయిన వేసవిలో లీజు కాగితం తిరిగి రాసుకునేటప్పుడు మా ఆయన్ని ఒప్పించి రెండు షరతులు పెట్టించాను, పట్టుబడి నీళ్లు బోదెలోకి వదలకూడదు, మోటారు పెట్టి మురుగు కాలవ దాకా గొట్టం వెయ్యాలి, బావగారి చేను వైపు గట్టు లోపల ఊట కాలవ తవ్వాలి. లీజుదారు "ఊళ్లో ఎవరికీ లేని రూలు మీకెందుకండీ" అని ఎకరానికి పదిహేను వేలు తగ్గించి ఇచ్చాడు. రెండెకరాలకి ముప్పై వేలు. ఆ ముప్పై వేలు మా ఇంటికి చిన్న డబ్బు కాదు, అమ్మాయి హాస్టలు ఫీజులో సగం. పక్కవాళ్లని కూడా ఇలా రాయించుకోండి అని అడిగితే ముగ్గురు ఆలోచిస్తాం అన్నారు, ఒకావిడ మొహం మీదే తలుపేసింది. ఆవిడ మీద నాకు కోపం లేదు, ఆవిడకి ఆ చెరువు తప్ప ఇంకో ఆధారం లేదు. అందుకే ఇది ఇంటింటికీ వెళ్లి బతిమాలుకునే పనిగా ఉండకూడదు అంటున్నాను, అందరికీ ఒకటే రూలు ఉండి, మురుగు కాలవ ప్రభుత్వం తవ్వి, నష్టపోయే చిన్నవాళ్లకి ముందే డబ్బు చూపించి, ఈ ఆఫీసులన్నీ ఒక్క బల్ల దగ్గర కూర్చుంటే పదిహేను వేలు నేనొక్కదాన్నే వదులుకోనక్కర్లేదు, అందరం తలా రెండు వేలు వదులుకుంటే సరిపోతుంది.

సరే, ప్లాంటు. నీళ్లకి, టైముకి, ఆ కుర్రాడి మర్యాదకి ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను, టిన్నులు కడిగే పద్ధతికే ఆ ఒకటి తగ్గించాను, మెంబ్రేను తారీఖు కార్డు గోడకి పెట్టిన రోజున అది కూడా ఇచ్చేస్తాను. వెనక గొట్టం నీళ్లు బోదెలోకి కాకుండా మురుగు కాలవలోకి మళ్లించమని ఓనరు గారిని అడిగాను, పైపు ఖర్చు ఎంతవుతుందో కనుక్కుంటానన్నారు, మీరూ వెళ్లినప్పుడు ఒకమాట అడగండి. ఏప్రిల్‌లో కాలవలు కట్టేశాక జనం ఎక్కువ, ఆరున్నరలోపు వెళ్తే లైను ఉండదు. మూత బిగించాక టిన్ను ఒకసారి బోర్లించి చూసుకోండి, పాత మూతలు కారతాయి.